ఏ-ఏ గీత దగ్గర

విరిగిన షాఫ్ట్‌ను రెండు ముక్కలుగా ట్రాలీ ఆటోలో వేసుకుని గనగళ్ల దానయ్య ఆటోనగర్‌లోని ప్రయోగశాలకు వచ్చేసరికి మంజులత డ్రాయింగ్ బల్ల దగ్గర ఉంది. అతను చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వచ్చాడు. భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకుని వీధివైపు చెయ్యి చూపించాడు.

"ఒక్కసారి బయటికొచ్చి సూడండమ్మా. మీరు బాగుందని కాయితం ఇచ్చిన షాఫ్టే. ఏట మొదలెట్టి వారం తిరక్కండా ఇరిగిపోనాది."

చేపల వేట నిషేధం ఉన్న వేసవిలో మరబోట్లన్నీ ఒడ్డున ఉంటాయి. మరమ్మతులు అప్పుడే జరుగుతాయి. ఈ ఏడాది హార్బర్‌లోని చాలామంది తమ బోట్లలో ఇంజను నుంచి పంకాను తిప్పే ఉక్కు షాఫ్ట్‌లను ఈ ప్రయోగశాలకే తెచ్చి లోపల పగుళ్లేమైనా ఉన్నాయేమో చూపించుకున్నారు. దానయ్య కూడా వాళ్లలో ఒకడు.

"మనుషులంతా బాగున్నారా?" అంది మంజులత, బయటికి నడుస్తూ.

"పేణాలతో ఉన్నారు. పంకా ఊడి నీళ్లల్లోకి ఎల్లిపోనాది. బోటు కొట్టుకుపోయి రాళ్లకేసి ఎల్తుంటే ఇంకో బోటోళ్లు తాడేసి లాగినారు. ఆ తాడు తెగి మా బావమరిది కాలి మీద కొట్టింది. ఆస్పట్లో ఉన్నాడు."

ఆమె ఆటో మీదికి వంగి విరిగిన చోటు చూసింది. ఉక్కు ఒక్కసారిగా విరిగితే గరుకుగా, పంచదార పలుకుల్లా మెరుస్తుంది. అలిసి అలిసి విరిగితే ఇసుక మీద అలలు వదిలిన చారల్లాంటి వంపుగీతలు కనిపిస్తాయి. ఇక్కడ ఆ రెండూ లేవు. ముఖం నున్నగా ఉంది. వంగిన ఆమె నీడ అందులో మసకగా కదిలింది.

"దీన్ని ఎవరైనా రంపంతో కోసి సాపు చేశారా?"

"నడిసముద్రంలో ఎవులు కోత్తారమ్మా?"

మంజులత టేపు తెచ్చి షాఫ్ట్ చివర నుంచి విరిగిన చోటిదాకా కొలిచింది. లోపలికి వెళ్లి తాను గీసిన డ్రాయింగ్ తీసింది. షాఫ్ట్ బొమ్మకు అడ్డంగా ఒక గీత ఉంది. పొడుగ్గా కొంత, పొట్టిగా కొంత, మళ్లీ పొడుగ్గా కొంత. రెండు కొసల్లో ఏ, ఏ అనే ఇంగ్లీషు అక్షరాలు. ఆ గీత దగ్గర షాఫ్ట్‌ను కోసినట్టు ఊహించుకుంటే లోపల ఎలా ఉంటుందో పక్కన సెక్షన్ బొమ్మ గీసి ఉంది. షాఫ్ట్ సరిగ్గా ఆ గీత దగ్గరే విరిగింది.

ఆమె భర్త ఫల్గుణరావు తన గదిలోంచి వచ్చాడు. ఆ ప్రయోగశాల, అందులో లోపలి పగుళ్లు చూపించే యంత్రం అతనివే. అతను ముక్కల వైపు చూడలేదు. దానయ్య వైపే చూస్తూ మాట్లాడాడు.

"ఉప్పునీళ్లు తినేసుంటాయి. బేరింగ్ బిగుసుకుపోయినా ఇలాగే అవుతుంది. ముక్కలు ఇక్కడ వదిలి వెళ్లండి, చూసి చెప్తాం."

మధ్యాహ్నం భోజనం చేసి వచ్చేసరికి ఆ ముక్కలు లేవు.

"తుక్కు బండివాడు వచ్చాడు, ఇచ్చేశాను" అన్నాడు ఫల్గుణరావు, కంప్యూటర్ మీంచి చూపు తిప్పకుండా.

పాత బోల్టు కూడా పారేయనివ్వని మనిషి. మంజులత అప్పటినుంచి అతన్ని కనిపెట్టి చూడటం మొదలుపెట్టింది.

*

ఈ ప్రయోగశాలలోకి రాకముందు మంజులత పాలిటెక్నిక్‌లో ఇంజనీరింగ్ డ్రాయింగ్ చెప్పేది. సెక్షన్ పాఠం వచ్చినప్పుడు పిల్లలకు ప్రతి ఏడూ ఒకే మాట చెప్పేది. "కోసే తలం మన బుర్రలో ఉంటుంది. వస్తువుకి కత్తి తగలదు. కోసినట్టు అనుకుని, ముందు సగం తీసేసినట్టు అనుకుని, కనిపించేది గీస్తాం. కోత పడ్డ చోట ఏటవాలు సన్నగీతలతో నింపుతాం. అంతే."

ఫల్గుణరావు ఆ అనుకోవడాన్ని నిజం చేశాడు. చాలా ఏళ్లు ఇంటి మేడ మీద రేకుల గదిలో పని చేసి, ఒకరోజు ఆమెను పిలిచాడు. రెండు రాగి పలకల మధ్య ఇంటి తాళంకప్ప పెట్టి ఉంది. అతను మీట నొక్కాడు. సన్నటి నీలపు వెలుగు తాళం మధ్యగా ఒకసారి జారింది. తెర మీద తాళం సగానికి కోసినట్టు కనిపించింది. స్ప్రింగులు, చిన్న చిన్న పిన్నులు, పైన ఇత్తడి, లోపల ఉక్కు, దేనికది విడిగా. తాళం మాత్రం చెక్కుచెదరలేదు. తాళంచెవి పెట్టి తిప్పితే తెరుచుకుంది.

"ఎలాగండీ?" అందామె.

"పలుచటి పొరలో అణువులు ఒకదాన్నొకటి పట్టుకున్న పట్టు కాస్త వదులుతాయి. వదిలేటప్పుడు ఏ లోహం ఎక్కడుందో చెప్పేస్తాయి. వెంటనే మళ్లీ పట్టుకుంటాయి. రెప్పపాటు కూడా పట్టదు."

ఆ రోజు ఆమె కళ్లు చెమర్చాయి. ఉద్యోగం మానేసి అతని ప్రయోగశాలలో చేరింది. యంత్రం ఆకారాన్ని ఇస్తుంది. దాన్ని చూసి, ఏది పగులో ఏది కాదో తేల్చి, డ్రాయింగ్ గీసి సంతకం పెట్టడం ఆమె పని. యంత్రానికి 'ఛేదిని' అని పేరు పెట్టింది కూడా ఆమే.

మొన్నటి మే నెలలో కూతురు ధృతి మోకాలి కింద ఎముక నొప్పిగా ఉందంది. ఇంటర్ చదువుతున్న ఆ పిల్ల కబడ్డీలో జిల్లా జట్టుకు ఆడుతోంది. ఎక్స్‌రేలో ఏమీ కనిపించలేదు. ఫల్గుణరావు నవ్వుతూ కూతుర్ని ప్రయోగశాలకు తీసుకొచ్చి, రాగి పలకల మధ్య కాలు పెట్టించాడు. మంజులత పక్కనే నిలబడింది. ఎముక గుండ్రంగా, తెల్లగా, లోపల మూలుగతో సహా తెర మీద కనిపించింది. పగులేమీ లేదు. "చూశావా, నాన్నుంటే డాక్టరెందుకు?" అన్నాడతను. ధృతి ఆ బొమ్మను ఫోన్‌లో పెట్టుకుని స్నేహితురాళ్లకు చూపించుకుంది.

*

మర్నాడు మంజులత ఇత్తడి దిమ్మను యంత్రంలో పెట్టింది. సందర్శకులు వచ్చినప్పుడల్లా కోసి చూపించే దిమ్మ అది. కోత ఎప్పుడూ అడ్డంగా, నడిమికే పడేది. ఆమె దాన్ని పక్కకు తిప్పి, నిలువుగా కోత తీసింది. అడ్డకోతలు లోపల ఏదైనా మిగిల్చి ఉంటే ఈ నిలువుకోతలో గీతగా కనిపించాలి.

తెర మీద ఏ గీతా లేదు. ఇత్తడి శుభ్రంగా ఉంది.

ఆమె ఊపిరి తీసుకుంది. కుర్చీ జరపబోతూ ఆగి, మళ్లీ చూసింది. ఆ దిమ్మ పోత పోసినప్పుడు లోపల చిన్న గాలిబుడగ ఉండిపోయింది. దాని అంచులు ఎగుడుదిగుడుగా ఉంటాయని ఆమెకు బాగా తెలుసు, ఎన్నోసార్లు గీసింది. ఇప్పుడా అంచులు నున్నగా, ఎవరో రబ్బరుతో తుడిచినట్టు ఉన్నాయి.

కృపాకర్ పక్క గదిలో టంకం వేస్తున్నాడు. యంత్రంలోని ఎలక్ట్రానిక్స్ అంతా మొదటినుంచీ ఆయనే చూస్తున్నాడు. ఫల్గుణరావు కంటే వయసులో పెద్ద.

"కృపాకర్ గారూ, తెర మీద బొమ్మని మీరేమైనా సరిచేస్తున్నారా?"

ఆయన టంకం కడ్డీ పక్కన పెట్టాడు. "అదా మేడం, వడపోత. సారు పెట్టమన్నారు. బొమ్మలో పిచ్చిగీతలు వస్తున్నాయి, వచ్చినవాళ్లు అపోహ పడతారు అన్నారు."

"ఎలాంటి గీతలు?"

"సన్నంగా, తిన్నగా. నేనూ అంత పట్టించుకోలేదండి. మీకు తెలిసే చేస్తున్నామనుకున్నాను."

"ఎప్పుడు పెట్టారు?"

"ఉగాదికి ముందండి."

అంటే బోట్ల షాఫ్ట్‌లు రాకముందు. ధృతి కాలు పలకల మధ్య పెట్టకముందు.

"తీసేయండి ఒకసారి."

"సారుని అడిగి..."

"నేనడుగుతున్నాను."

ఆయన ఆమె ముఖం చూసి, వెళ్లి కూర్చుని, నాలుగు మీటలు నొక్కాడు. మంజులత దిమ్మను మళ్లీ పెట్టింది. ఈసారి ఇత్తడి మధ్యలో సన్నటి నల్లగీత, ఒక అంచు నుంచి ఇంకో అంచుదాకా, స్కేలు పెట్టి గీసినట్టు.

"యెహోవా" అన్నాడు కృపాకర్ మెల్లగా.

ఆమె గీత వైపే చూస్తూ నిలబడింది. అణువులు మళ్లీ పట్టుకుంటాయన్నాడు ఫల్గుణరావు. అన్నీ పట్టుకోవడం లేదు. ఆ సంగతి అతనికి తెలుసు. తెలిసే ఆమె చేత ఆ కాగితాలన్నిటి మీదా సంతకాలు పెట్టించాడు.

*

ఆ సాయంత్రం ఇంట్లో ధృతి అద్దం ముందు మోకాలి పట్టీ బిగించుకుంటోంది.

"అమ్మా, ఆదివారం ఫైనల్ సెలెక్షన్స్. పొద్దున్నే గ్రౌండ్‌కి రమ్మన్నారు కోచ్."

"కాలెలా ఉంది?"

"అప్పుడప్పుడు లాగుతుంది. ఏం కాదులే."

ఫల్గుణరావు సోఫాలోంచి అన్నాడు. "ఈ ఏడు వదిలేయమన్నానా లేదా? ఇంటర్ పాడైపోద్ది. ఆటలు తర్వాత ఆడుకోవచ్చు."

"చిన్నప్పటినుంచీ ఆడు ఆడు అన్నది నువ్వే కదా నాన్నా! ఇప్పుడేమైంది నీకు?"

మంజులత వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది. కొద్ది వారాలుగా అతను ఇదే పాట పాడుతున్నాడు. పిల్ల చదువు మీద బెంగ అనుకుంది ఇంతకాలం. ఇంకొన్ని కూడా ఇప్పుడు కంటపడ్డాయి. ఇంత ఉక్కలో పొడుగు చేతుల చొక్కా. నీళ్ల బిందె ఎత్తమంటే కుడిచేత్తోనే ఎత్తడం. ఎడమచేతిని ఒళ్లో పెట్టుకుని, ఎవరిదో అడిగి తెచ్చుకున్న వస్తువులా జాగ్రత్తగా చూసుకోవడం. ప్రతి ఆదివారం ఉదయం, సెలవైనా సరే, ఒక్కడే ప్రయోగశాలకు వెళ్లడం.

అప్పుడే అడిగేసేది. కానీ అడిగితే అబద్ధం చెప్తాడనిపించింది. చెప్పిన అబద్ధాన్ని తాను నమ్మాలనుకుంటుందని కూడా భయమేసింది. కళ్లతో చూశాకే మాట్లాడాలనుకుంది.

ఆదివారం ఉదయం ధృతి స్నేహితురాలి స్కూటీ మీద గ్రౌండ్‌కి వెళ్లింది. ఎముకకీ ఇత్తడికీ తేడా ఉంటుందో లేదో తేలకుండా పిల్లను ఏ మాట చెప్పి ఆపాలో మంజులతకు తోచలేదు. అయినా "గట్టిగా ఆడకు, నేనొచ్చేదాకా కూర్చో" అంది. ధృతి వింతగా చూసి వెళ్లిపోయింది. ఆ వెంటనే మంజులత ఆటో ఎక్కి ప్రయోగశాలకు వెళ్లింది. తలుపు లోపల గడియ వేసి ఉంది. వెనక వైపు గోదాము తలుపు తాళంచెవి ఆమె దగ్గర ఉంది.

ఫల్గుణరావు చొక్కా మోచేతి పైకి మడిచి, ఎడమచేతిని రాగి పలకల మధ్య పెట్టి కూర్చున్నాడు. నీలపు వెలుగు చేతి మీదుగా జారింది. తెర మీద ముంజేతి ఎముకలు రెండూ కనిపించాయి. వడపోత లేదు. ఎముకల నిండా గీతలు. ఏటవాలుగా, ఒకదాని పక్కన ఒకటి, ఆమె డ్రాయింగుల్లో కోత పడ్డ చోట నింపే సన్నగీతల్లాగే.

"ఏం చేసుకుంటున్నారండీ?"

అతను ఉలిక్కిపడలేదు. చెయ్యి కూడా తియ్యలేదు.

"ఎముక అతుక్కుంటుందో లేదో చూస్తున్నాను మంజూ."

"ఉగాదికి ముందే తెలుసు మీకు."

"గీత ఉందని తెలుసు. అది బలహీనమని తెలీదు. బొమ్మలో లోపమే అనుకున్నాను... అనుకోవాలనుకున్నాను. ఆ ఒక్క గీతా లేకపోతే అంతా సవ్యంగా ఉంది. ఇరవయ్యేళ్ల పని. సరిచేసేస్తాను, ఈలోగా ఎవరూ చూడకపోతే చాలనుకున్నాను."

"అయినా పిల్ల కాలు పెట్టారు."

"ఎముక బతికున్నది. ఇనుములా కాదు. అతుక్కుంటుందనే అనుకున్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు నా చెయ్యి పెట్టుకున్నాను. అప్పట్నుంచీ వారం వారం చూస్తున్నాను, పాత గీత పోయిందా లేదా అని. కానీ చూసిన ప్రతిసారీ కొత్త గీత పడుతోంది."

"పాతవి పోయాయా?"

అతను తెర మీద వేలు పెట్టి చూపించాడు. అన్నిటికంటే పాత గీత రెండు కొసల్లోనూ మసకబారి ఉంది. నడుమ మాత్రం నల్లగానే ఉంది.

"కొంచెం కొంచెం పూడుతోంది. బరువు పెట్టకపోతే పూడుతుంది. నేను ఈ చేత్తో ఏమీ ఎత్తడం లేదు."

మంజులతకు కూతురు ఆ నిమిషంలో ఎక్కడుందో, ఆ కాలితో ఏం చేస్తోందో గుర్తొచ్చింది. ఫోన్ తీసి ధృతికి చేసింది. ఎత్తలేదు. కోచ్‌కి చేసింది. ఆయనా ఎత్తలేదు.

*

వాళ్లు గ్రౌండ్‌కి చేరేసరికి ధృతి కూతకు వెళ్తోంది. ఎదుటి జట్టు పిల్లలు ఏడుగురూ చేతులు పట్టుకుని అర్ధచంద్రంలా కాచుకున్నారు. వాళ్లకు దొరికితే ముందు పట్టేది కాలే.

మంజులత చెప్పులు వదిలేసి కోర్టులోకి పరిగెత్తింది. విజిల్ మోగింది. ఎవరో అరిచారు. ఆమె కూతుర్ని రెండు చేతులా పట్టుకుని గీత ఇవతలికి లాగేసింది.

"అమ్మా! పిచ్చెక్కిందా నీకు? అందరూ చూస్తున్నారు!"

"చూడనీ. నడవకు. ఇక్కడే కూర్చో."

కోర్టు పక్కన మట్టిలోనే కూర్చోబెట్టి ఉన్నదంతా చెప్పింది. ధృతి మొదట నవ్వింది. తర్వాత తండ్రి వైపు చూసింది. అతను కొంచెం దూరంలో, ఎడమచేతిని పొట్టకు ఆనించుకుని నిలబడ్డాడు.

"నీకు ముందే తెలుసా నాన్నా?"

అతను ఏదో వివరించబోయాడు. గీత, అణువులు, ఎముక. రెండు మాటలయ్యాక ఆగిపోయాడు.

"తెలుసు" అన్నాడు.

ధృతి తన కాలి వైపు చూసుకుంది, అది తనది కాదన్నట్టు. మోకాలి పట్టీ విప్పి పక్కన పడేసింది. ఏడవలేదు. కారుదాకా తల్లి భుజం పట్టుకుని ఒంటికాలి మీద గెంతుతూ వచ్చింది. తండ్రి తలుపు తీసి పట్టుకుంటే ఇంకో వైపు తలుపు తీసుకుని ఎక్కింది.

ఎముకల డాక్టరు అంతా విని నమ్మలేదు. మళ్లీ తీసిన ఎక్స్‌రేలో ఏ గీతా లేదు. అయినా ముంజేయి చూపిస్తూ ఫల్గుణరావు చెప్పిన తీరు ఆయన్ను కంగారుపెట్టినట్టుంది. "నొప్పైతే ఉంది కదా, కట్టేద్దాం. విశ్రాంతి వల్ల నష్టం లేదు" అని పిల్ల కాలికీ, తండ్రి చేతికీ సిమెంటు కట్టు వేయించాడు.

బయట వరండాలో మంజులత అంది. "ఇప్పుడు హార్బర్‌కి వెళ్లాలి."

"మంజూ, ఒక్క రోజు ఆగు. ఒక లాయర్ని..."

"బోట్లు నీళ్ల మీద ఉన్నాయండీ."

"నేను ఈ పిల్లని ఇంట్లో దింపి వస్తాను. నువ్వు పద."

ఆమె అతని కళ్లలోకి చూసింది. వస్తాడో రాడో ఆమెకు తెలియలేదు. పద్దెనిమిదేళ్ల కాపురంలో అలా తెలియకపోవడం ఇదే మొదటిసారి అనుకుంది. ఉగాది నుంచీ తెలియడం లేదని మరుక్షణం గుర్తొచ్చింది.

*

ఫిషింగ్ హార్బర్‌లో మధ్యాహ్నపు ఎండకి జెట్టీ కాలిపోతోంది. దానయ్య బోటు ఒడ్డున తాళ్లకు కట్టి ఉంది. మంజులత చెప్పింది విని అతను గట్టిగా నవ్వాడు.

"మొన్న ఉప్పునీళ్లన్నారు. ఇయ్యాల ఎలుగు తగిలి ఇరిగిందంటన్నారు. రేపేటంటారో?"

చుట్టూ బోటు యజమానులు మూగారు. చాలామంది బోట్లు వేటలో ఉన్నాయి. ఇప్పుడు వెనక్కి పిలిస్తే వలలు సగంలో ఎత్తుకుని రావాలి.

"మీ కంపెనీ పరువు కోసం మా ఏట సెడగొడతారా?" అన్నాడొకతను.

"నా పరువు కోసమే అయితే నోరు మూసుకుని ఇంట్లో కూర్చుందును కదా బాబూ. ఎవరిదైనా మేం పరీక్ష చేసిన షాఫ్ట్, బోటులోంచి తీసినది ఉందా?"

ఒకతనిది లేత్ షాపు దగ్గర ఉంది, అది తిరిగే చోట అరిగిన బుష్ మార్చడానికి తీసింది. నలుగురు మోసుకొచ్చారు. మంజులత దారిలో ప్రయోగశాల నుంచి తెచ్చిన డ్రాయింగుల కట్టలోంచి ఆ షాఫ్ట్‌ది తీసి పరిచింది. టేపుతో కొలిచింది. సుద్దముక్కతో షాఫ్ట్ చుట్టూ, పొడుగ్గా కొంత, పొట్టిగా కొంత, గీత గీసింది. ఆ చోట ఉక్కు ఎంత నున్నగా ఉందో, ఏ మచ్చా లేదో అందరినీ తడిమి చూడమంది.

"రెండు దుంగల మీద పెట్టి సమ్మెటతో కొట్టండి. నా గీత మీద కాదు. మీకు నచ్చిన చోట కొట్టండి."

షాఫ్ట్ యజమాని సందేహించాడు. దానయ్య సమ్మెట అందుకున్నాడు. గీతకు బాగా ఎడంగా కొట్టాడు. షాఫ్ట్ గణగణలాడింది. ఏమీ కాలేదు. అతను మంజులత వైపు చూశాడు. ఒక్క క్షణం ఆమెకు, తాను పొరపడిందేమో, భర్త చెయ్యి, పిల్ల కాలు, అన్నీ పొరపాటేనేమో అనిపించింది. పొరపాటైతే బాగుండుననిపించింది.

దానయ్య మళ్లీ కొట్టాడు. మూడోసారి కొట్టేసరికి టప్‌మని చిన్న చప్పుడు. షాఫ్ట్ రెండు ముక్కలై దుంగల మధ్య పడింది. సుద్దగీత సగం ఒక ముక్క మీద, సగం ఇంకో ముక్క మీద ఉండిపోయింది.

షాఫ్ట్ యజమాని ఒంగి ఆ నున్నటి ముఖం మీద అరచెయ్యి పెట్టి, వెంటనే తీసేశాడు.

"వైర్‌లెస్ ఎక్కడరా?" అని దానయ్య అరిచాడు. "బోట్లన్నిటికీ సెప్పండి. ఇంజను నెమ్మదిగా... కాదు కాదు, ఇంజను ఆపేసి తాడు కోసం ఉండమనండి. షాఫ్ట్ పరీక్ష సెయ్యని బోట్లు ఎల్లి లాక్కురావాలి."

సెట్టు ముందు మనుషులు గుంపుకట్టారు. పేరు పేరునా పిలిచారు. సముద్రంలోంచి జవాబులు రాసాగాయి. ఏ బోటు ఎక్కడుందో ఒకతను గట్టిగా అరిచి చెప్తుంటే, ఏ షాఫ్ట్ మీద ఎన్ని కోతలు తీశారో మంజులత చూసి, ఎక్కువ తీసినవాటి దగ్గరికి ముందు వెళ్లమంది. ఆ హడావుడిలో పక్కన ఎవరో వచ్చి నిలబడ్డట్టు తెలిసి తల తిప్పింది. ఫల్గుణరావు. మెడలోంచి వేలాడే కట్టులో ఎడమచెయ్యి.

అతను నేరుగా దానయ్య దగ్గరికి వెళ్లాడు.

"నాకు ముందే తెలుసు దానయ్యా. ఆవిడకి తెలీదు. ఆ కాగితాల మీద సంతకాలు ఆవిడవి, తప్పు నాది. పోలీసులకి కూడా ఇదే చెప్తాను."

దానయ్య చెయ్యి పైకి లేచింది. అతను ఆ సిమెంటు కట్టు వైపు చూసి, చెయ్యి దించేసుకున్నాడు.

"మా బావమరిదికి సెప్పు ఈ మాట. ఆడి ఎదర నిలబడి సెప్పు" అన్నాడు.

సాయంత్రానికి చాలా బోట్లు ఒడ్డు చేరాయి. ఒక్కటి మాత్రం జవాబివ్వలేదు. ఆ బోటులోవాళ్ల ఇంటి ఆడవాళ్లు జెట్టీ చివర కూర్చున్నారు. మంజులత కూడా వాళ్ల పక్కన కూర్చుంది, వాళ్లు ఆమెను పొమ్మననూ లేదు, పలకరించనూ లేదు. మర్నాడు ఉదయం ఒక నౌకాదళం పడవ ఆ బోటును లాక్కొచ్చింది. షాఫ్ట్ విరిగి, నీళ్లు లోపలికి ఎక్కి ఉంది, అందులోనివాళ్లు డ్రమ్ములు కట్టుకుని తేలుతూ దొరికారు. అందరూ ఉన్నారు. ఒక పెద్దాయనకు మాత్రం ఎండదెబ్బకు చూపు మసకబారింది. అది మళ్లీ పూర్తిగా రాలేదు.

*

ప్రయోగశాలకు సీలు వేశారు. కేసు నడుస్తోంది. ఛేదినిని విప్పి ముక్కలు చేసినప్పుడు ఫల్గుణరావు అడ్డు చెప్పలేదు. రాగి పలకలు పోలీసు స్టేషన్లో ఉన్నాయి. అతను ఇప్పుడు ఒక ట్యుటోరియల్‌లో ఫిజిక్స్ చెప్తున్నాడు. మంజులత మళ్లీ పాలిటెక్నిక్‌లో చేరింది. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటున్నారు. అతను ఏదైనా చెప్పినప్పుడు ఆమె "సరే" అంటుంది. తర్వాత తనంతట తాను ఒకసారి సరిచూసుకుంటుంది. సరిచూసుకుంటుందని అతనికి తెలుసు.

దసరా ముందు ధృతి కట్టు విప్పారు. కాలు సన్నబడి, పాలిపోయి ఉంది. డాక్టరు ఎక్స్‌రే వెలుగుకు పట్టి చూసి, బాగుందన్నాడు.

"మొదట్లో కూడా ఎక్స్‌రే బాగుందనే కదా డాక్టర్ గారూ" అంది ధృతి.

ఆయన భుజాలెగరేశాడు. "ఇంతకంటే లోపలికి చూసే మార్గం నా దగ్గర లేదమ్మా. నడవాలి, చూడాలి."

ధృతి బల్ల అంచున కూర్చుంది, కాళ్లు కిందికి వేలాడుతున్నాయి. మంజులత చేతికర్ర అందించబోయింది. ధృతి వద్దంది. గుమ్మం దగ్గర నిలబడ్డ తండ్రి వైపు తిరిగింది. గ్రౌండ్ నుంచి వచ్చిన రోజు తర్వాత అతనితో ఆమె అవసరానికి మించి మాట్లాడలేదు.

"నాన్నా. అతుక్కుందా?"

ఫల్గుణరావు నోరు తెరిచాడు. మంజులత అతని ముఖాన్ని చూస్తూ ఉంది. అక్కడ పాత ధీమా ఒక్క క్షణం తొంగిచూసింది, అంతా బాగానే ఉందమ్మా అని చెప్పడానికి. తర్వాత అది పోయింది.

"నాకు తెలీదమ్మా" అన్నాడు.

ధృతి తల ఊపింది. బల్ల అంచు పట్టుకుని, మెల్లగా జారి, ఆ కాలు నేల మీద మోపింది. కొంచెం కొంచెంగా దాని మీదికి బరువు వదిలింది. గదిలో ముగ్గురూ ఆ కాలి వైపే చూస్తున్నారు. ఆమె బల్ల మీంచి చెయ్యి తీసేసి ఒక అడుగు వేసింది.

తర్వాత ఇంకొకటి.